ఎవరి మాట? ఎవరి పూచీ?

వర్తకునకు ధనముకంటె ముందు కావలసినది మాట. "ఈ సరుకు ఇంత నాణ్యము గలది, ఇన్ని దినములలో నీ యింటికి చేరును" అని ఒకడు పలుకును. ఆ పలుకు నమ్మి వేరొకడు రొక్కము తీయును. వ్యాపారమంతయు ఈ రెండింటి నడుమనే యున్నది. మనము మాట యిచ్చినచో దానిని నిలుపుకొనవలెనని పెద్దలు మనకు చిన్ననాటనే నేర్పిరి. అందులో సందేహమునకు తావు లేదు. కాని మనము ఇయ్యని మాటను మన పేర మరియొకరు ఇచ్చినచో, దానిని నిలుపు భారము ఎవరిది? అది తప్పినచో నష్టము ఎవరిది? పూర్వము ఈ ప్రశ్న అరుదుగా వచ్చెడిది. నేడు ఆన్‌లైన్ అంగళ్ళలో సరుకు అమ్ముకొను ప్రతి చిన్న వర్తకునకు ఇది దినదినము ఎదురగుచున్నది.

నేను ఈ ప్రశ్నను గ్రంథములలో వెదకి తెచ్చుకొనలేదు. కాడుగోడిలో మా బట్టల దుకాణపు గడప మీదనే అది నాకు ఎదురైనది. కాడుగోడి బెంగళూరునకు తూర్పు కొసన నున్న పాత యూరు. వైట్‌ఫీల్డు రైల్వే స్టేషను ఇచ్చటనే యున్నది. సమీపముననే కంటెయినర్లలో వచ్చు సరుకులకు డిపో కలదు. 2023 మార్చిలో మెట్రో రైలు కూడ ఇచ్చటికి వచ్చెను. హొసకోటె, మాలూరు దిక్కులకు పోయినచో ఆన్‌లైన్ వ్యాపారమునకై కట్టిన పెద్ద గిడ్డంగులు కనబడును. సాఫ్టువేరు కొలువులకై వచ్చినవారును, చిన్న చిన్న వృత్తులు చేసికొనువారును కలిసి, తెలుగు కుటుంబములు ఈ ప్రాంతమున చాల యున్నవి.

అట్లు చిత్తూరు జిల్లానుండి వచ్చిన ఒక సోదరి మా దుకాణమునకు రెండు వీధుల అవతల ఒక గదిలో వ్యాపారము సాగించుచున్నది. పెడనలో అచ్చువేసిన కలంకారీ గుడ్డను మావద్ద తానులుగా కొని, రవికె ముక్కలుగాను దిండు గలీబులుగాను తయారు చేయించి, ఒక ఆన్‌లైన్ అంగడి ద్వారా అమ్ముచున్నది. ఆమెకు గుమాస్తా లేడు. ఒక కుట్టుమిషను, ఒక ఫోను, కట్టుటకు కాగితపు పెట్టెలు, ఇవియే ఆమె సామగ్రి.

2022 సెప్టెంబరు మొదటి వారమున బెంగళూరు తూర్పు భాగమును ముంచిన వానలు పాఠకులకు జ్ఞాపకముండును. ఔటర్ రింగు రోడ్డు చెరువైనది. బెళ్ళందూరు ప్రాంతమున జనులను పడవలలోను ట్రాక్టర్లమీదను తరలించిరి. ఆ వారము ఈ సోదరి గదిలో పదునొకండు పార్సెళ్ళు నిలిచిపోయినవి. వానిని తీసికొని పోవలసిన బండి రాలేదు. బండి రాకున్నను ఫోనులోని గడువు మాత్రము గంట గంటకు తరుగుచునే యుండెను. ముగ్గురు కొనుగోలుదారులు ఆర్డరు రద్దు చేసిరి. అంగడిలో ఆమె పేరు క్రిందికి జారెను. పొరుగున నున్న మరియొక విక్రేత, పార్సెలు బండివానికి ఇచ్చినట్లు ముందుగనే గుర్తు పెట్టుమనియు, బండి ఎప్పుడు వచ్చినను పరవాలేదనియు సలహా యిచ్చెను. ఆమె మా దుకాణమునకు వచ్చి నన్ను ఇట్లు అడిగినది: "అన్నా, సామాను కట్టి పెట్టింది నిజమే. బండి రానిదీ నిజమే. పంపినానని ఒక్క గుర్తు పెడితే నా పేరు నిలబడతాది. ఇది అబద్ధమా అన్నా?"

నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. ఆ పదునొకండింటిలో నాలుగు పార్సెళ్ళ ఆలస్యమునకు వాన కారణము కాదు. గురువారము ఇచ్చెదనన్న తానులను నేను శనివారము ఇచ్చితిని. పెడననుండి సరుకు ఆలస్యముగా వచ్చినదని చెప్పితిని. ఆమె సరే యని తీసికొని పోయినది. నా రెండు దినముల ఆలస్యమునకు నాకు ఒక్క నక్షత్రము కూడ తరుగలేదు. ఆమెకు తరిగినది. ఒక్క నిష్ఠురపు మాట కూడ ఆమె అనలేదు. అందువలననే ఆ దినమునుండి ఈ విషయము నన్ను విడువలేదు.

ఖరారు డెలివరీ యను ఈ పద్ధతి ఎట్లు పెరిగినదో ముందు చూతము. 2007లో ఫ్లిప్‌కార్టు సంస్థ బెంగళూరున పుస్తకములు అమ్ముటతో ఆరంభమాయెను. దాని మొదటి కొనుగోలుదారు మహబూబ్‌నగరమునకు చెందిన యువకుడు అగుట తెలుగువారు గుర్తుంచుకొనదగిన విషయము. అతడు కోరిన పుస్తకము ఆ సంస్థ స్థాపకులవద్ద సిద్ధముగా లేదు. వారు బెంగళూరు పుస్తకాల అంగళ్ళలో వెదకి సంపాదించి పంపిరి. అనగా మాట యిచ్చినవారే కాళ్ళరుగ తిరిగి ఆ మాటను నిలుపుకొనిరి. 2010లో సరుకు చేరిన పిమ్మట రొక్కము పుచ్చుకొను పద్ధతిని ఆ సంస్థ తెచ్చెను. తపాలావారి వి.పి.పి. ఎరిగినవారికి ఇది వింత కాదు. 2013లో అమెజాన్ మన దేశమున అంగడి తెరచెను. క్రమముగా ఒక దినమున చేర్చెదము, రెండు దినములలో చేర్చెదము అను హామీలు వచ్చెను. 2016లో ప్రైమ్ చందాదారులకు అట్టి వేగము చందాలో భాగమాయెను. 2021 చివర బ్లింకిట్ అను కిరాణా సంస్థ పది నిమిషముల మాటనే చెప్పెను. గడువు దినములనుండి గంటలకు, గంటలనుండి నిమిషములకు దిగెను. ఇంతలో మరియొక మార్పు నిశ్శబ్దముగా జరిగినది. మాట యిచ్చువాడు ఒకడు, దానికై తిరుగువాడు వేరొకడు అయిరి.

అయినను ఈ హామీని కేవలము దూషించుట న్యాయము కాదు. కాడుగోడిలో ఒక గదిలో కూర్చున్న స్త్రీ పేరు ఎరుగని శ్రీకాకుళపు గృహిణి ఐదు వందల రూపాయల ఆర్డరు ఎందుకు పెట్టవలెను? ఆ సోదరిని నమ్మి కాదు. సరుకు రాకున్న రొక్కము తిరిగి వచ్చునన్న అంగడివారి హామీని నమ్మి పెట్టుచున్నది. పేరు లేనివానికి పేరు అరువిచ్చుట చిన్న ఉపకారము కాదు. ఒక తరము క్రిందట అట్టి పేరు సంపాదించుటకు వర్తకుడు ఇరువది యేండ్లు ఒకే వీధిలో దుకాణము తెరవవలసి యుండెను. కనుక ఖరారు ఉండవలెనా, వలదా యన్నది మన ప్రశ్న కాదు. ఖరారు తప్పినపుడు దాని భారము ఎవరు మోయుట ధర్మమన్నదే మన ప్రశ్న.

మన పెద్దలు దీనిని ఎట్లు తేల్చుకొనిరో జ్ఞాపకము చేసికొందము. వారు హుండీలతో వ్యాపారము చేసిరి. దర్శనీ హుండీ చూపిన వెంటనే చెల్లింపవలసినది. ముద్దతీ హుండీ చెప్పిన గడువునకు చెల్లింపవలసినది. జోఖ్మీ హుండీ సరుకు క్షేమముగా చేరిననే చెల్లునది. ఓడ మునిగినచో ఆ నష్టము ఎవరిదో ఆ కాగితము ముందే చెప్పుచుండెను. 1881 నాటి చట్టము గడువు గల పత్రములకు మూడు దినముల అదనపు గడువు ఇచ్చినది. మాటకు కట్టుబడుట యెంత ముఖ్యమో, మార్గములో వచ్చు చిక్కులకు కొంత చోటు విడుచుటయు అంత అవసరమని నాటివారు ఎరుగుదురు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టము 39వ సెక్షనులోను ఇదే దృష్టి కలదు. కొనువానికి పంపుటకై సరుకును రవాణాదారునకు అప్పగించినచో, వేరు ఒడంబడిక లేని యెడల, అది సాధారణముగా కొనువానికి అప్పగించినట్లే యెంచబడును. అనగా వైట్‌ఫీల్డు స్టేషనులో పార్సెలు సరిగా బుక్ చేసి రైలు రసీదు పంపిన వర్తకుడు తన వంతు తీర్చుకొన్నట్లే. వారు మాటను వంతులుగా విభజించి, ఏ వంతునకు ఎవరు పూచీయో ముందుగనే తేల్చుకొనిరి. ఎవని చేతిలో నున్న పనికి వాడు పూచీ.

నేటి ఆన్‌లైన్ అంగడిలో ఒక రవికె ముక్క నాలుగు చేతులు మారును. గుడ్డ యిచ్చు టోకు వర్తకుడు ఒకడు, దానిని సిద్ధపరచు విక్రేత ఒకరు, మోసికొని పోవు సంస్థ ఒకటి, వీరందరిని కలుపు అంగడి ఒకటి. గడువు నిర్ణయించునది అంగడి. ఆ గడువు వలన గిరాకీ పెరిగినచో అధిక లాభమును దానిదే. కాని గడువు తప్పినపుడు కొనువాని కోపము విక్రేత పేరుమీద పడును.

ఇందులో ఒక లెక్క కలదు. లెక్కలు ఎరిగిన మన కుటుంబములు దానిని శ్రద్ధగా చూడవలెను. స్వయముగా సరుకు పంపుకొను విక్రేతలకు అమెజాన్ ప్రకటించిన ప్రమాణములలో, ఆలస్యముగా పంపిన ఆర్డర్లు నూటికి 4 కంటె తక్కువ ఉండవలెనన్నది ఒకటి. పంపకముందే రద్దు చేసినవి 2.5 కంటె తక్కువ ఉండవలెనన్నది మరియొకటి. అందరికి ఒకే కొలత గదా యని తోచును. నెలకు 2,500 ఆర్డర్లు పంపు పెద్ద వర్తకునకు 99 ఆలస్యములవరకు చోటు కలదు. నెలకు 25 ఆర్డర్లు పంపువానికి ఒక్కటి ఆలస్యమైనను 4 శాతము నిండును. పెద్దవానికి వాన యొక చిన్న అంకె. చిన్నవానికి అదే వాన మొత్తము లెక్క. తూకపు రాళ్ళు ఒక్కటే అయినను తక్కెడ నిలిచిన నేల సమముగా లేదు.

ఇక రూపాయల మాట. 500 రూపాయల సరుకుపై అన్ని ఖర్చులు పోగా 60 రూపాయలు మిగులుననుకొందము. ఒక పార్సెలు ఆలస్యమై, రొక్కము తిరిగి యిచ్చి, సరుకు కూడ పాడై తిరిగి వచ్చినచో 440 రూపాయలు పోవును. దానిని పూడ్చుకొనుటకు ఎనిమిది మంచి అమ్మకములు కావలెను. దీనికి అంగడివారు చూపు ఉపాయము సరుకును ముందుగనే వారి గిడ్డంగిలో ఉంచుట. ఉంచినచో వేగము లభించును, శీఘ్ర డెలివరీ గుర్తు లభించును. కాని గిడ్డంగి బాడుగ కట్టవలెను. అమ్ముడుపోని సరుకులో పెట్టుబడి చిక్కుకొనును. పది తానుల పెట్టుబడి గలవారు రెండు తానులు గిడ్డంగిలో నిద్రపుచ్చగలరు. రెండు తానులే గలవారు ఏమి చేయగలరు? ఖరారు డెలివరీ వర్తకుని నిజాయితీని కొలుచుచున్నదని మనము అనుకొనుచున్నాము. అది చాలవరకు వాని పెట్టుబడిని కొలుచుచున్నది.

ప్రభుత్వము ఈ విషయమును చూడలేదనరాదు. విదేశీ పెట్టుబడి గల ఆన్‌లైన్ అంగళ్ళు గిడ్డంగి, రవాణా మొదలగు సౌకర్యములను విక్రేతలందరికి పక్షపాతము లేక ఇయ్యవలెనని 2018 డిసెంబరు 26న వెలువడిన ఉత్తరువు చెప్పినది. అది 2019 ఫిబ్రవరి 1నుండి అమలులోనికి వచ్చెను. కొందరు విక్రేతలకు ప్రత్యేకాదరము చూపుచున్నారని ఢిల్లీ వర్తక సంఘమొకటి ఫిర్యాదు చేయగా, 2020 జనవరిలో కాంపిటిషన్ కమిషను అమెజాన్, ఫ్లిప్‌కార్టులపై విచారణకు ఆజ్ఞాపించెను. 2020 జులైలో ఇ-కామర్సు వినియోగదారుల రక్షణ నియమములు వచ్చెను. చెప్పిన గడువునకు మించి సరుకు చేరినచో విక్రేత దానిని తిరిగి తీసికొననని గాని, రొక్కము ఇయ్యనని గాని చెప్పరాదు. అయితే మానవుని చేతిలో లేని ఆపద వలన ఆలస్యమైనచో ఈ నిబంధన వర్తించదని ఆ నియమమే చెప్పుచున్నది. కాడుగోడి వాన అట్టి ఆపదయే. కాని చట్టము పలుకుటకు వకీలు కావలెను, కాలము కావలెను. నక్షత్రము తరుగుటకు ఒక్క వ్రేలు కదలిన చాలును.

ఇతర దేశములలో దీనికి కొంత పరిష్కారము చూచినవారు కలరు. 2017లో అమెరికాలో ఈబే అంగడి ఖరారు డెలివరీని ప్రవేశపెట్టినపుడు విక్రేతలకు రెండు మార్గములు చూపెను. ఇంటి గడపవరకు పూచీ పడుట ఒకటి. చెప్పిన దినమున పార్సెలు పంపుటకు మాత్రమే పూచీ పడుట రెండవది. రెండవ మార్గమున మోయువాని ఆలస్యపు నష్టమును అంగడియే భరించుచుండెను. మన పెద్దల రైలు రసీదు న్యాయమే అందు కనబడుచున్నది. మరియొక ఉదాహరణము కలదు. ముప్పది నిమిషములలో పిజ్జా చేరకున్న ఉచితమని చెప్పి పేరుపొందిన డామినోస్ సంస్థ, బండివాని తొందరవలన గాయపడిన ఒక స్త్రీకి పెద్ద మొత్తము చెల్లింపవలెనని న్యాయస్థానమున తీర్పు రాగా, 1993లో అమెరికాలో ఆ హామీని విరమించుకొనెను. వేగపు ఖరీదు ఎప్పుడును ఎవరో ఒకరు చెల్లింపవలసినదే. మాట యిచ్చినవాడు చెల్లించినచో వాడు తన మాటను తూచి పలుకును. ఇతరుడు చెల్లించినచో మాట చవుకయగును.

ఇప్పుడు ధర్మము మాటకు వత్తము. సత్యవ్రతము మనకు నేర్పునది అబద్ధమాడకుమని మాత్రమే కాదు. ఏ మాటయు ఒక దృష్టినుండి, కొన్ని సందర్భములకు లోబడియే సత్యమని చెప్పు స్యాద్వాదము మన యింటి విద్య. "రేపు తప్పక చేరును" అనునది సందర్భమును మ్రింగివేసిన మాట. అది నిజమైనను అదృష్టవశమున నిజమగుచున్నది. "వాన, దారి, బండి అనుకూలించిన యెడల రేపు చేరును, నా చేతిలోని పని నేడే ముగింతును" అనునది బలహీనమైన మాటగా వినబడును గాని, పూర్తిగా నిలుపుకొనదగిన మాట అదియే. అట్లే లాభమును తన ఖాతాలో జమ చేసికొని, నష్టమును ఇతరుని ఖాతాలో ఖర్చు వ్రాయుట, చట్టము దానిని ఏమని పిలిచినను, ఇయ్యనిదానిని తీసికొనుటకు దగ్గరగానే యుండునని నాకు తోచుచున్నది.

ఇది పెద్ద సంస్థలకు మాత్రమే చెప్పు నీతి కాదు. మనలో ప్రతి దుకాణదారుడును తన చిన్న రాజ్యమున ఇట్టి అంగడియే. పెండ్లివారికి ముహూర్తపు దినము చెప్పి, దర్జీని రాత్రింబవళ్ళు కూర్చుండబెట్టుదుము. ఆలస్యమైనచో వాని కూలిలో కోయుదుము. సైకిలుపై సరుకు మోయు కుర్రవానికి మనమిచ్చిన గడువు, కొనువాడు అడిగినది కాదు. గొప్పకై మనము చెప్పినది. కొనువారిగాను మనకు వంతు కలదు. నేడే అవసరము లేని వస్తువునకు నేడే రావలెనని కోరి, ఒకనిని వానలో పరుగెత్తించుట ప్రయోజనము లేని హింస. దానికి మన శ్రావక వ్రతములలో అనర్థదండమని పేరు కలదు. ఒక దినము ఆగుటవలన మనకు పోవునది లేదు. ఆ దినము వేరొకరికి ఊపిరి.

ఆ సోదరికి నేను చివరకు చెప్పిన బదులు ఇది: "అబద్ధమేనమ్మా. కాని ఆ అబద్ధము నీ ఒక్కదానిది కాదు. అందులో నా రెండు దినములు కూడ ఉన్నవి." ఆమె ఆ గుర్తు పెట్టలేదు. నా వలన ఆలస్యమైన నాలుగు పార్సెళ్ళ నష్టమును ఆమె బాకీలో తగ్గించితిని. ఆమె వలదన్నది. ఇది దానము కాదనియు, నేను పడవలసిన పూచీయే యనియు చెప్పితిని. నాటినుండి ఆమెకు సరుకిచ్చు దినమును చీటీమీద వ్రాసి యిచ్చుచున్నాను. ఆ దినము తప్పినచో దినమునకు ఇంతయని ధర తగ్గింతును. చేతికి రాని సరుకును ఆమె అంగడిలో చూపుట మానినది. పంపుటకు ఒక దినమని చెప్పుచుండినది మూడు దినములని మార్చినది. కట్టిన పార్సెలును తేదీ కనబడునట్లు ఫోటో తీసి యుంచుచున్నది. మొదటి రెండు నెలలు ఆర్డర్లు తగ్గినవి. పిమ్మట కొంత కోలుకొన్నవి. పూర్వపు స్థాయికి వచ్చినవని చెప్పజాలను. సత్యము వెంటనే లాభమిచ్చునని చెప్పుటయు ఒక విధమైన అబద్ధపు హామీయే యగును.

మన కుటుంబములలో టోకు వర్తకులు కలరు, గిడ్డంగులు గలవారు కలరు, లారీలు నడుపువారు కలరు. ఇట్టి చిన్న విక్రేతలు మనవద్దనే సరుకు కొనుచున్నారు. వారి గడువు మన గడపనుండియే ఆరంభమగుచున్నది. పెద్ద అంగళ్ళ నియమములను మార్చుట మన ఒక్కరివలన కాదు. మన వంతు దినమును మనము నిలుపుకొనుట మాత్రము మన చేతిలోనిదే. రేపు మీ దుకాణమున ఎవరికైనను "ఎల్లుండి తప్పక ఇచ్చెదను" అని చెప్పబోవునపుడు ఒక్క క్షణము ఆగుడు. ఆ మాట తప్పినచో ఎవరి ఖాతాలో ఖర్చు పడునో చూచుకొనుడు. అది మీ ఖాతాయే యైనచో నిర్భయముగా మాట యియ్యుడు.